ఆటలో పియానో పాఠము

భువనగిరినుండి ఒక తల్లి మాకు వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు కారణము. ఆమె కుమార్తెకు పదునొకండేండ్లు. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మేనమామ సంక్రాంతికి వచ్చినపుడు ఆ పిల్లకు కన్నులకు తగిలించుకొను వర్చువల్ రియాలిటీ యంత్రమును, ఐదు స్థాయుల కీబోర్డును తెచ్చి యిచ్చినాడు. రెండు నెలలు నిండకముందే పిల్ల రెండు చేతులతో పండ్రెండు పాటలు వాయింపసాగినది. ఇంటిల్లిపాదియు సంతోషించినారు. పాఠశాల వార్షికోత్సవమున వాయింపుమని ఉపాధ్యాయులు కోరినారు. వేదికమీద ముఖమునకు యంత్రము తగిలించుకొనుట బాగుండదని దానిని ఇంటనే విడిచి కీబోర్డు మాత్రము తీసికొనిపోయినారు. పిల్ల కూర్చుండి మొదటి పాటలో నాలుగు స్వరములు వాయించి ఆగిపోయినది. మరల మొదలుపెట్టినది, మరల అచ్చటనే ఆగినది. నాటినుండి కీబోర్డును ముట్టుటలేదట. "తప్పు పిల్లదా, యంత్రముదా? ఈ ఆటతో సంగీతము వచ్చునా, రాదా? గురువునకై ప్రతి ఆదివారము సికింద్రాబాదునకు రైలులో తీసికొనిపోవలెనా?" అని ఆమె అడిగినారు.

ఇది ఒక్క యింటి ప్రశ్న కాదు. విదేశములలోనున్న బంధువులు తెచ్చిన యంత్రములు నేడు మన చిన్న పట్టణములకును చేరుచున్నవి. పియానో నేర్పు గురువులు మాత్రము అంత సులభముగా చేరుటలేదు. గురువు లేని చోటికి యంత్రము వచ్చినపుడు దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొనుట అవసరము. కావున ఆ తల్లికి వ్రాసిన సమాధానమునే కొంత విస్తరించి శ్రోతలందఱి ముందు ఉంచుచున్నాము.

మొదట ఒక మాట ఒప్పుకొనవలెను. యంత్రము సంగీతము నేర్పరాదని అనుటకు రేడియోవారమైన మాకు అధికారము లేదు. మేమును యంత్రముద్వారానే నేర్పినాము. విజయవాడ కేంద్రమునుండి ఓలేటి వేంకటేశ్వర్లుగారు నడిపిన ‘సంగీత శిక్షణ’ను విని, గురువు ముఖమైనను చూడకుండ కీర్తనలు నేర్చినవారు ఆంధ్రదేశమున ఊరూర ఉన్నారు. మట్టిబొమ్మ యెదుట విలువిద్య నేర్చిన ఏకలవ్యుని కథ మనకు క్రొత్త కాదు. కాని రేడియో పాఠమునకును ఈ క్రొత్త పాఠమునకును ఒక పెద్ద భేదము కలదు. రేడియో చెవికి మాత్రమే నేర్పెను. కంటికి దానిలో పని లేదు. ఈ యంత్రము ముఖ్యముగా కంటికి నేర్పుచున్నది. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

ఈ యంత్రము ఎట్లు పనిచేయునో చూతము. కండ్లజోడువలె ముఖమునకు పట్టీలతో బిగించుకొను పెట్టెలో, ఒక్కొక్క కంటియెదుట ఒక్కొక్క చిన్న తెర, దాని ముందొక కటకము ఉండును. రెండు కన్నులకును కొంచెము భేదముగల రెండు చిత్రములు చూపుటచే మనస్సు వానిని కలుపుకొని లోతుగల ఒకే దృశ్యముగా గ్రహించును. తల త్రిప్పినపుడు ఎంత త్రిప్పినామో యంత్రము కనిపెట్టి, చిత్రమును తదనుగుణముగా మార్చును. అందుచే చూచుచున్నవానికి తాను వేఱొక గదిలో నున్నట్లు తోచును. ఈ ఊహ క్రొత్తది కాదు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొను ఇట్టి తెరను తయారుచేసినాడు. దానిని పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చినది. నేడు ప్రచారములోనున్న క్వెస్ట్ 3 అను యంత్రము బరువు అరకిలోకు కొంచెము పైన, సుమారు 515 గ్రాములు. యంత్రముపైనున్న చిన్న కెమెరాలు చేతులను, వ్రేళ్లను గూడ గమనింపగలవు. సంగీతపు ఆటలు పుట్టుటకు ఇది ముఖ్యకారణము.

ఈ ఆటలు మూడు విధములు. మొదటిది తాళపు ఆట. 2018లో వెలువడిన ‘బీట్ సేబర్’ ఇట్టిది. పాట వచ్చుచుండగా ఎదురుగా దూసికొనివచ్చు దిమ్మెలను చేతిలోని వెలుగుకత్తులతో లయకు సరిగా నఱకవలెను. ఇది లయజ్ఞానమును కొంత పదునుపెట్టవచ్చును గాని వాద్యమును నేర్పదు. రెండవది గాలిలో మెట్లు. యంత్రము బల్లమీదనో శూన్యములోనో పియానో మెట్ల బొమ్మను చూపును. వ్రేలు ఆ బొమ్మను తాకినచో ధ్వని వచ్చును. మూడవది నిజమైన మెట్లు. ఇంటిలోనున్న కీబోర్డునే కెమెరాలద్వారా చూపుచు, దానిపై పైనుండి రంగుపట్టీలు జారుచున్నట్లు చూపును. ఏ మెట్టుపై పట్టీ వ్రాలునో ఆ మెట్టును నొక్కవలెను. పట్టీ ఎంత పొడవున్నదో అంతసేపు నొక్కి పట్టవలెను. సరిగా నొక్కినచో మార్కులు వచ్చును. ‘పియానో విజన్’ అను ఆట ఈ విధమైనది. భువనగిరి పిల్ల ఆడినదియు ఇట్టిదే.

జారు పట్టీల వెనుక ఒక పాతచరిత్ర కలదు. 1895 ప్రాంతమున అమెరికాలో ఎడ్విన్ వోటీ ‘పియానోలా’ అను సాధనమును నిర్మించెను. కాగితపు చుట్టలో రంధ్రములుండును. చుట్ట తిరుగుచుండగా ఏ రంధ్రము వచ్చినచో ఆ మెట్టు తనంతట మ్రోగును. మన చేనేత ఊళ్లలో మగ్గముపై నుండు జకార్డు అట్టలను చూచినవారికి ఇది వెంటనే తెలియును. అచ్చట అట్టలోని రంధ్రము ఏ పడుగుపోగు లేవవలెనో చెప్పును. ఇచ్చట కాగితములోని రంధ్రము ఏ స్వరము పలుకవలెనో చెప్పును. నేటి ఆటలోని రంగుపట్టీ ఆ రంధ్రమునకు మనుమరాలు. భేదమేమనగా, పియానోలాలో మెట్టును నొక్కినది యంత్రము. నేడు నొక్కుచున్నది పిల్ల వ్రేలు.

ఇంక లాభములను చెప్పుకొందము. అవి తక్కువ కావు.

మొదటి లాభము ఆరంభమునందలి భయము పోవుట. పియానోకు 88 మెట్లు: తెల్లవి 52, నల్లవి 36. క్రొత్తగా కూర్చుండినవానికి ఏది ఎచ్చటనున్నదో తెలియదు. పాశ్చాత్యుల స్వరలిపిని ముందుగా చదువుట నేర్చి, ఆ చుక్కను మెట్టుతో జోడించి, ఆ మెట్టును వ్రేలితో జోడించుట మూడంచెల పని. పెక్కుమంది పిల్లలు ఆ మొదటి నెలలలోనే విసిగి మానుదురు. ఆటలో ఈ మూడంచెలును ఒకటియగును. మొదటిరోజుననే ఒక పాటయొక్క ముక్క చేతికి వచ్చును. "నాకును వచ్చును" అను ధైర్యము చిన్న విషయము కాదు.

రెండవ లాభము ఓర్పు. యంత్రము విసుగుకొనదు. నూఱుసార్లు తప్పినను కసరుకొనదు. పాటను సగము వేగమున నడిపించును. కుడిచేతి భాగమును వేఱుగా, ఎడమచేతి భాగమును వేఱుగా నేర్పును. సరియైన మెట్టు నొక్కువఱకు వేచియుండును. నలుగురిలో తప్పు వాయించుటకు సిగ్గుపడు పిల్లలకు ఇది నిజమైన మేలు.

మూడవది లెక్క. 1983లో వాద్యముల తయారీదారులు ‘మిడి’ అను ఒక ఉమ్మడి సంకేతపద్ధతిని అమలుపఱచినారు. దానిద్వారా కీబోర్డు ఏ మెట్టు, ఏ క్షణమున, ఎంత వేగముగా నొక్కబడినదో తెలుపును. నొక్కిన వేగమునకు 1నుండి 127వఱకు అంకెలు కలవు. కీబోర్డును యంత్రముతో కలిపినచో ఈ లెక్కలన్నియు దానికి చేరును. లయ ఎచ్చట జారుచున్నదో, ఏ చేయి వెనుకబడుచున్నదో నిష్పక్షపాతముగా చెప్పగలదు. అలసిన గురువు చెవి కొన్నిసార్లు విడిచిపెట్టునది యంత్రము విడిచిపెట్టదు.

నాలుగవది దూరము, చోటు. నిలువు పియానో సామాన్యముగా రెండువందల కిలోల ప్రాంతమున తూగును. శ్రుతి సరిచేయువాడు కావలెను. చిన్న కీబోర్డు చంకనపెట్టుకొని పోవచ్చును. భువనగిరినుండి సికింద్రాబాదునకు సుమారు యాభై కిలోమీటర్లు. రానుపోను ఒక పూట గడచును. ఇంట రోజును ఇరువది నిమిషముల అభ్యాసము, వారమున కొక్క గంట పాఠముకంటె తక్కువ విలువగలది కాదు.

ఇంత మేలుండగా ఆ పిల్ల వేదికమీద ఎందుకు ఆగిపోయినది? ఇచ్చట నష్టముల విషయము వచ్చుచున్నది.

ఆ పిల్ల రెండు నెలలు నేర్చినది పాటను కాదు, పట్టీని అనుసరించుటను. "తరువాత ఏ మెట్టు?" అను ప్రశ్నకు జవాబు ప్రతి క్షణమును కంటియెదుట కనబడుచుండెను. చేయి కంటికి లోబడి నడచినది. చెవి ఊరకుండినది, జ్ఞాపకమునకు పని లేకపోయినది. పట్టీలు మాయమైన క్షణమున చేతికి ఆజ్ఞ యిచ్చువారు లేకపోయిరి. దీనిని శాస్త్రజ్ఞులు ఎన్నడో గమనించినారు. 1984లో సాల్మొని, ష్మిట్, వాల్టర్ అను ముగ్గురు చేతిపనుల అభ్యాసమును గూర్చిన పరిశోధనలను సమీక్షించుచు ఒక సూత్రమును ప్రతిపాదించిరి. ప్రతి ప్రయత్నమునకును వెంటనే తప్పొప్పులు చెప్పుచుండినచో అభ్యాసకాలమున పని చక్కగా సాగును. కాని ఆ సాయమును తొలగించినపుడు నేర్చినది నిలువకపోవచ్చును. నేర్చువాడు ఆ సాయమునే ఊతకఱ్ఱగా చేసికొనును గనుక. సాయమును క్రమక్రమముగా తగ్గించినచో విద్య నిలుచునని దాని తాత్పర్యము. మన పంతుళ్లకు ఇది అనుభవమున తెలిసినదే. అక్షరాభ్యాసమున పిల్లవాని చేయి పట్టుకొని దిద్దింతురు. కాని ఏడాది పొడవున చేయి పట్టుకొని యుండరు.

రెండవ నష్టము స్పర్శ. పియానో అను పేరునందే దాని రహస్యము కలదు. 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్తొఫొరి నిర్మించిన వాద్యమునకు ‘పియానో ఎ ఫోర్తే’ అని పేరు వచ్చినది. అనగా మెల్లగాను గట్టిగాను పలుకునది. అంతకుముందున్న హార్ప్‌సికార్డులో తీగను మీటుటయే గాని బలాబలములు వ్రేలి యధీనములో లేవు. పియానోలో మెట్టు నొక్కగా చిన్న సుత్తి తీగను కొట్టి వెంటనే వెనుకకు పోవును. మెట్టు దిగునది సుమారు పది మిల్లీమీటర్లు మాత్రమే. ఆ పది మిల్లీమీటర్లలో వ్రేలు ఎంత వేగముగా దిగినదో దానినిబట్టి స్వరము గుసగుసలాడును, లేదా గర్జించును. గాలిలో గీసిన మెట్టుకు బరువు లేదు, ఎదురు లేదు, అడుగు లేదు. దానిపై ఎంత సాధన చేసినను వ్రేలికి ఆ విద్య రాదు. ఇదియే గాక శూన్యములో చేతులెత్తి పట్టుకొనుటచే భుజములు నొచ్చును. కావున రెండవ విధమైన ఆటను వినోదముగా మాత్రమే తలపవలెను. నిజమైన మెట్లతో ఆడు మూడవ విధములో ఈ లోపము తక్కువ. కాని అందును యంత్రము మణికట్టు బిగిసియున్నదా, భుజము పైకి లేచియున్నదా, వీపు వంగియున్నదా యని గురువు చూచినట్లు చూడదు. చెడ్డ అలవాటు ఒకసారి చేతిలో దిగినచో దానిని మాన్పుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము.

మూడవది బహుమతుల ఆశ. మార్కులు, నక్షత్రములు పిల్లలను కొంతకాలము ఉత్సాహపఱచును. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు చిన్నపిల్లలమీద ఒక ప్రయోగము చేసిరి. బొమ్మలు గీయుట సహజముగానే ఇష్టపడు పిల్లలలో కొందఱికి, గీసినచో బహుమతి యిత్తుమని ముందుగా చెప్పి యిచ్చినారు. కొన్ని దినముల తరువాత బహుమతి మాట లేకుండ రంగులు ఇచ్చినపుడు, ఆ పిల్లలు తక్కినవారికంటె తక్కువసేపు గీసినారు. ఇష్టముగా చేయుచున్న పని బహుమతికొఱకు చేయు పనిగా మారినది. సంగీతములోను ఈ ప్రమాదము కలదు. పాట ముగిసినపుడు పిల్ల "ఎట్లున్నది?" అని అడుగుటకు మాఱుగా "ఎన్ని వచ్చినవి?" అని అడుగుచున్నచో తల్లిదండ్రులు జాగ్రత్తపడవలెను.

నాలుగవది ఆరోగ్యము. కటకములు చిత్రమును ఒకటి రెండు మీటర్ల దూరమున నిలిపినట్లు కన్ను సవరించుకొనవలసి యుండును. కాని చూచు మెట్లు మూరెడు దూరమున నున్నట్లు రెండు కన్నులును లోనికి తిరుగవలెను. ఈ రెండింటి వైరుధ్యముచే కొందఱికి కన్నులు బరువెక్కును, తలనొప్పి వచ్చును. కదలు దృశ్యములున్న ఆటలలో కడుపులో త్రిప్పుటయు కలదు. అరకిలో బరువు ముఖముమీద మోయుటచే పిల్లల మెడ అలసిపోవును. మెటా సంస్థ తన యంత్రములకు కనీసవయస్సును 13 ఏండ్లుగా నుంచి, 2023లో దానిని 10 ఏండ్లకు తగ్గించి, 10నుండి 12 ఏండ్లవారు తల్లిదండ్రుల అనుమతితో, వారి అదుపులోని ఖాతాతోనే వాడవలెనని నియమించినది. మన భువనగిరి పిల్ల ఈ వయస్సులోనిదే. పెద్దలు దగ్గఱ లేకుండ గది తలుపు వేసికొని ఆడనిచ్చుట తగదు.

ఐదవది మన సంగీతమునకు సంబంధించినది. ఇది యంత్రముయొక్క దోషము కాదు, మెట్ల వాద్యముయొక్క హద్దు. పియానోలో ఒక స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజించినారు. ఒక్కొక్క మెట్టు ముందుదానికంటె సుమారు 5.95 శాతము హెచ్చు కంపనములు గలది. స్థాయిని 1200 సెంట్లుగా లెక్కించినచో పియానోలోని అంతరగాంధారము షడ్జమునకు 400 సెంట్ల దూరమున నుండును. తంబురా తీగలో స్వయముగా వినబడు గాంధారము 386 సెంట్ల దూరమున నుండును. ఈ పదునాలుగు సెంట్ల భేదము పాశ్చాత్యులు తెలిసి ఒప్పుకొన్న రాజీ. దానివలననే వారు ఏ మెట్టును ఆధారముగా గొన్నను వాయింపగలరు. కాని మన రాగమునకు ప్రాణమైన గమకము ఒక మెట్టుకును మఱొక మెట్టుకును నడుమనున్న చోటులో నివసించును. మెట్ల వాద్యమునకు ఆ చోటు లేదు.

ఈ విషయమున ఆకాశవాణికి సొంతచరిత్ర కలదు. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీతవిభాగమును చూచిన జాన్ ఫౌల్డ్స్ 1938లో హార్మోనియమును నిరసించుచు వ్యాసము వ్రాసినాడు. రవీంద్రనాథ ఠాకూరును ఆ వాద్యమును ఇష్టపడలేదు. 1940 మార్చి 1నుండి ఆకాశవాణి కేంద్రములలో హార్మోనియము నిషేధింపబడినది. 1971లోగాని ఆ నిషేధము సడలుట ఆరంభము కాలేదు. ఈ ముప్పది యేండ్లలో బయట జరిగినదేమి? పద్యనాటకములలో, సురభివారి వేదికలపై, భజనమండళ్లలో హార్మోనియము మ్రోగుచునే యుండెను. అంతేకాదు. మన గాయకులు తమ గొంతు శ్రుతిని "ఒకటి", "ఒకటిన్నర", "ఐదున్నర" అని చెప్పుట ఆ మెట్లనుబట్టియే. తెల్లమెట్లకు పూర్తి అంకె, నల్లమెట్లకు అర కలుపుట ఆ లెక్క. మేము నిషేధించిన వాద్యమే మా స్టూడియోలోనికి వచ్చు గాయకుల నోట శ్రుతిమానముగా నిలిచినది. క్రొత్త సాధనముమీద తొందరపడి తీర్పు చెప్పరాదని మేము నేర్చికొన్న పాఠమిది. సాధనముయొక్క హద్దును తెలిసికొని, ఆ హద్దులోపల వాడుకొనుట వివేకము.

హద్దును తెలిసికొనుట ఎట్లు? ఇందుకు భువనగిరి ప్రాంతమే ఒక కొలబద్దను ఇచ్చినది. పోచంపల్లి పద్ధతిలో చీర నేయవలెనన్న ముందు నూలును మేకులనుండి మేకులకు చుట్టి ఆసు పోయవలెను. ఒక్క చీరకు స్త్రీలు వేలసార్లు చేయి చాచి ముడువవలెను, భుజములు పడిపోవుచుండెను. తల్లి పడు ఆ బాధను చూడలేక ఆలేరు మండలము శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు ఎన్నో యేండ్లు శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిర్మించినారు. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. ఆ యంత్రము తీసివేసినది ఏమి? చేతి నొప్పిని. విడిచిపెట్టినది ఏమి? నూలుకు ముడులు కట్టుట, రంగులద్దుట, పోగుతో పోగు కలియునట్లు నేయుట. అనగా శ్రమను తీసికొని నేర్పును నేతగానికే విడిచినది. ఏ యంత్రమునైనను ఈ ప్రశ్న అడుగవచ్చును: ఇది శ్రమను తీసికొనుచున్నదా, నేర్పును తీసికొనుచున్నదా?

పియానో ఆటను ఈ కొలబద్దతో కొలిచినచో జవాబు స్పష్టము. మెట్టు ఎచ్చటనున్నదో వెదకుకొను శ్రమ, తప్పుల లెక్క కట్టు శ్రమ, వేగమును తగ్గించి హెచ్చించు శ్రమ: వీనిని యంత్రము తీసికొనవచ్చును. వినుట, జ్ఞాపకముంచుకొనుట, తరువాతి స్వరమును మనస్సులో ముందుగా పలికించుకొనుట, బలాబలముల నిర్ణయము: ఇవి నేర్పు. పట్టీలు ఎల్లప్పుడు జారుచునే యున్నచో ఈ రెండవ పనినిగూడ యంత్రమే తీసికొనును. వేదికమీద జరిగినది అదియే.

కావున ఆ తల్లికి మేము ఈ పద్ధతిని సూచించినాము. యంత్రము ఇంటనున్నవారందఱును దీనిని పరీక్షింపవచ్చును.

ముందుగా పాట గొంతులో రావలెను. మెట్టు ముట్టకముందు పిల్ల ఆ పాటను పలుమాఱులు విని, స్వరములతోనో, కూనిరాగముగానో పాడవలెను. గొంతు మధురముగా నుండనక్కఱలేదు. నోట వచ్చిన పాట మనస్సున ఉన్నదనుటకు సాక్ష్యము. మనస్సున ఉన్నది చేతికి దారిచూపును.

తరువాత యంత్రముతో ఇరువది నిమిషములు. మొదటి రెండుదినములు పట్టీలతో వాయించవచ్చును. మూడవదినమునుండి ఒకసారి పట్టీలతో, ఒకసారి యంత్రము తీసివేసి వాయింపవలెను. వారాంతమునకు పట్టీలు అనుమానము వచ్చిన చోట చూచుకొనుటకు మాత్రమే మిగులవలెను. ప్రతిదినము చివరిసారి వాయించుట మాత్రము వట్టి కన్నులతోనే జరుగవలెను. ఆ చివరిసారి వాయించినదే ఆ దినమున నిజముగా వచ్చినది, మార్కులు కావు.

పాటను నాలుగైదు ముక్కలుగా విభజించి, ఏ ముక్కనుండియైనను ఎత్తుకొనగలుగునట్లు సాధన చేయవలెను. మొదటినుండి మాత్రమే వచ్చిన పాట మధ్యలో తెగినచో మరల మొదటికే పోవలసి వచ్చును. వేదికమీద రెండవసారియు అదేచోట ఆగుటకు ఇది కారణము. ఎత్తుకొనుటకు చోట్లున్నవాడు తప్పినను తడబడక తరువాతి ముక్కలోనికి దిగును. వినువారు గ్రహింపను గ్రహింపరు.

వీనితోపాటు వ్రేళ్లకు అంకెలు నేర్పవలెను: బొటనవ్రేలు ఒకటి, చిటికెనవ్రేలు ఐదు. బొటనవ్రేలిని ఇతర వ్రేళ్ల క్రిందుగా పోనిచ్చి చేతిని జరుపుట పియానో విద్యకు మూలము. 1753లో సి. పి. ఇ. బాక్ తన గ్రంథమున దీనిని విపులముగా బోధించినాడు. ఏకలవ్యుడు విద్యకు వెలగా బొటనవ్రేలు ఇచ్చినాడు. పియానోలో ఆ వ్రేలు లేనిదే విద్య లేదు; దానిని సరిగా వాడుట చూపుటకు ఎదుట కూర్చుండిన మనిషి కావలెను.

ఆ మనిషికై ప్రతి ఆదివారము సికింద్రాబాదు పోవలెనా? అక్కఱలేదని మా అభిప్రాయము. ఇంట అభ్యాసము క్రమముగా జరుగుచున్నచో నెలకొకసారి మంచి గురువు చేతులను, కూర్చుండు తీరును చూచి దిద్దినను చాలవఱకు సరిపోవును. తక్కిన దినములలో ఊరిలోనే సాయము దొరకును. చర్చిలో కీబోర్డు వాయించువారు, భజనమండలిలో హార్మోనియము వాయించువారు భువనగిరివంటి పట్టణములలో ఉందురు. వారికి ఈ ఆట తెలియకపోవచ్చును. కాని నలుగురు పాడుచుండగా వారితో కలిసి వాయించుట ఏ యంత్రమును నేర్పలేని విద్య. పాడువాడు ఊపిరి తీసికొన్నచోట వాద్యమును ఆగవలెను. భక్తులు వేగము పెంచినచో వాద్యమును పెంచవలెను. యంత్రములోని పట్టీ ఎవరికొఱకును ఆగి ఊపిరి తీసికొనదు.

యంత్రము ఇంకను కొననివారికి ఒక మాట. ఇట్టి యంత్రములు వేలరూపాయల వెలగలవి. ఒకే మొత్తముతో యంత్రమో, మంచి కీబోర్డో కొనవలసివచ్చినచో, సందేహింపక కీబోర్డునే కొనుడు. నొక్కిన బలమునుబట్టి ధ్వని మాఱునదియో కాదో అడిగి కొనుడు. యంత్రము పాతబడును, మెట్లు పాతబడవు. మేనమామ ప్రేమతో తెచ్చి యిచ్చినచో మాత్రము దానిని అటకమీద పెట్టనక్కఱలేదు.

చివరిగా ఆ తల్లి మొదటి ప్రశ్న. తప్పు పిల్లదా, యంత్రముదా? పిల్లది కాదు. రెండు నెలలు శ్రద్ధగా కూర్చుండిన పిల్లకు తప్పు అంటగట్టరాదు. యంత్రముదియు కాదు, అది తనకు చేతనైనది చేసినది. పాఠము సగములో నిలిచినది, అంతే. చేయి పట్టుకొని దిద్దించుట జరిగినది, చేయి విడుచుట జరుగలేదు. ఆ రెండవ సగమును పెద్దలు దగ్గఱ కూర్చుండి పూర్తిచేయింపవలెను. నాలుగు స్వరములు వాయించి ఆగిన ఆ పాటనే ముందుగా ఎత్తుకొనుమని మేము వ్రాసినాము: యంత్రము లేకుండ, వేదిక లేకుండ, ఇంట సాయంకాలము, తల్లి పాడుచుండగా పిల్ల వాయించునట్లు. ఐదవ స్వరము తల్లి గొంతునుండి పిల్ల చెవికి అందినచో, చెవినుండి చేతికి అందుట ఎంతసేపు? దానితరువాత కీబోర్డును ముట్టుమని ఎవరును చెప్పవలసిన పని యుండదని మా నమ్మకము.